ఇప్పపూల వాసన కారులోకి రాదు

శ్రీరామనవమి దగ్గర పడిందంటే కొత్తగూడెం నుంచి భద్రాచలం దాకా రోడ్డు ఖాళీగా ఉండదు. మిథిలా స్టేడియంలో కల్యాణం చూడటానికి ఖమ్మం, వరంగల్, విజయవాడ, హైదరాబాద్ వైపుల నుంచి కార్లు బారులు తీరతాయి. దాదాపు ఆ రోజుల్లోనే రోడ్డుకు రెండు పక్కలా అడవిలో ఇప్పపూలు రాలుతుంటాయి. రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లారేదాకా రాలుతూనే ఉంటాయి. చీకటి విడవకముందే కోయ ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఎండుటాకులు ముందే ఊడ్చి నేల శుభ్రం చేసి ఉంచుతారు కాబట్టి లేతపసుపు పూలు మట్టి మీద తేటగా కనిపిస్తాయి. ఎండ ఎక్కేలోపు ఏరడం అయిపోవాలి. ఆ వేళకు అడవంతా ఒకటే వాసన. తియ్యగా, పులిసీ పులవనట్టు, కాస్త తల తిప్పేలా ఉంటుంది.

ఆ వాసన కార్లలోకి రాదు. అద్దాలు బిగించి ఉంటాయి. బయటిగాలి రానివ్వకుండా లోపలిగాలినే తిప్పే మీట ఒకటి ఏసీ పక్కన ఉంటుంది, అది నొక్కి ఉంటుంది. ఖమ్మంలో బయల్దేరినవాళ్లు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి గోదావరి వంతెన ఎక్కేసరికి మధ్యలో ఎంత అడవి దాటారో ఫోన్ మ్యాపులోని ఆకుపచ్చ రంగును బట్టి తెలుసుకోవాల్సిందే.

వాళ్లకు అడవి మీద కోపం ఏమీ లేదు. దర్శనం అయ్యాక అక్కడికి 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలకు తప్పకుండా వెళ్తారు. సీతమ్మవారి నారచీరలు ఆరేసిన గుర్తులంటూ వాగు దగ్గర రాళ్లను పిల్లలకు చూపిస్తారు. వనవాసం కథ విని కంటతడి పెట్టుకునే పెద్దవాళ్లూ ఉంటారు. కానీ ఆ వాగు గట్టున పావుగంట నిలబడేసరికి ఒకరికి ఉక్కపోత, ఇంకొకరికి చీమల బాధ, పిల్లలకు సిగ్నల్ రావడం లేదని దిగులు. "పదండి, కార్లో కూర్చుందాం" అనే మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. ఆకుల పాకలో కాపురమున్న దంపతులను కొలిచే మనం ఆ పాక ఉందనుకునే చోట పావుగంట నిలవలేకపోవడం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. దీన్ని భక్తిలోపం అనను. ఈ తరానికి ఓపిక లేదని తిట్టి ఊరుకోనూ లేను. ఈ ఇబ్బంది మనకు పుట్టుకతో రాలేదు. మన ఇళ్లలో, మన యంత్రాల దగ్గర, రోజుకింత చొప్పున తయారైంది. ఆ యంత్రాలను నడిపే కరెంటులో ఎంతో కొంత ఈ అడవి కింది బొగ్గు నుంచే వచ్చింది.

పాత భయం వేరు

అడవంటే బయటివాళ్లకు జంకు ఉండటం కొత్తేమీ కాదు. భద్రాచలం ఏజెన్సీకి బదిలీ అంటే ఒకప్పుడు శిక్ష కిందే లెక్క. మన్యం జ్వరం పేరు చెబితే మైదానం ఊళ్లలో తల్లులు హడలిపోయేవారు. కొండరెడ్ల మధ్య తిరిగి వాళ్ల బతుకును రాసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ పుస్తకం వెలువడింది 1945లో. ఆ నాటికి పాపికొండల లోయల్లోకి వెళ్లాలంటే పడవో, కాలినడకో తప్ప వేరే దారి లేదు.

ఆ భయానికి కారణం ఉంది. ఇవాళ్టికీ ఉంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలను లెక్కగట్టిన పరిశోధన 2020లో వచ్చింది. ఇరవై ఏళ్లలో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని అది తేల్చింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే నాట్ల కాలంలో జరిగాయి, ఎక్కువ భాగం పల్లెటూరి ఇళ్లలోనే. కాబట్టి పామును చూసి భయపడే రైతును చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. ప్రకృతిని ప్రేమించండి అని పట్నంలో కూర్చుని ఉపదేశించడం నాకు నచ్చని పని.

అయితే ఆ పాత భయం వెంట తెలివి కూడా ఉండేది. చీకట్లో నడిచేటప్పుడు కర్రతో నేల తట్టుకుంటూ పోవడం, వానాకాలం కట్టెల మోపు ఎత్తేముందు కాలితో కదిపి చూడటం, ఏ పుట్టలో అలికిడి ఉందో గమనించడం, ఏ పిట్ట ఎందుకు గోల చేస్తోందో తెలియడం. భయం వాళ్లను అడవికి దూరం చెయ్యలేదు, అడవిని జాగ్రత్తగా చదివేలా చేసింది. మందులు, దోమతెరలు, రోడ్లు, 108 బళ్లు వచ్చాక ప్రాణభయం చాలావరకు తగ్గింది. అది తగ్గిన కాలంలోనే మరొకటి పెరిగింది. ఈ కొత్తదానికి పాము అక్కర్లేదు. చెమట చాలు, చీమ చాలు, నిశ్శబ్దం చాలు. దీన్ని చిరాకు అనాలో అసహనం అనాలో గానీ, దీనివల్ల మనిషి అడవిని చదవడు. వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు.

29 డిగ్రీల దగ్గర

ఒంటికి ఎంత వేడి ఓర్చుకోదగ్గది అన్న ప్రశ్నకు మన తెలుగునేల మీదే మంచి జవాబు దొరికింది. ఆర్కిటెక్చర్ పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008 ఎండాకాలంలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో తిరిగి, సహజంగా గాలి ఆడే ఇళ్లలో ఉంటున్నవాళ్లకు ఏ ఉష్ణోగ్రత దగ్గర హాయిగా ఉందో అడిగి, అదే సమయంలో గదిలోని వేడిని కొలిచారు. 29.23 డిగ్రీల దగ్గర వాళ్లకు వేడీ లేదు, చలీ లేదు. 26 నుంచి 32.45 డిగ్రీల వరకు ఇబ్బంది లేకుండా ఉన్నారు. కిటికీ తీస్తారు, ఫ్యాను వేస్తారు, పల్చటి నూలుబట్ట కట్టుకుంటారు, నీళ్లు తాగుతారు, అంతే. ఆ తర్వాత ఆమె సహపరిశోధకులతో కలిసి చెన్నై, హైదరాబాద్ ఆఫీసుల్లో ఇదే లెక్క తీశారు. ఏసీ లేకుండా పనిచేస్తున్న చోట 28 డిగ్రీల దగ్గర హాయిగా ఉందన్నారు. ఏసీ నడుస్తున్న చోట అది 26.4కు దిగింది.

ఊరు అదే, ఎండాకాలం అదే, మనుషులూ మనవాళ్లే. మారింది గది. ఒకటిన్నర డిగ్రీ చిన్నదిగా కనిపించవచ్చు. కానీ శరీరం దేనికి అలవాటు పడితే దాన్నే మామూలు అనుకుంటుందని ఆ అంకె చెబుతోంది. కొత్తగూడెం వైపు మేలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఇల్లు చల్లన, కారు చల్లన, షాపింగ్ మాల్ చల్లన అయినవాడికి వాటి మధ్య నడిచే ఇరవై అడుగులే అసలు ప్రపంచం, అది కాలిపోతూ కనిపిస్తుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని ఇంధన సామర్థ్య బ్యూరో నిబంధన పెట్టింది. రిమోట్ మాత్రం మన చేతిలోనే ఉంటుంది, దాని మీద 18 కూడా ఉంటుంది.

ఏసీని పాపం అనడం లేదు. వడదెబ్బకు ప్రాణాలు పోయే జిల్లా ఇది. గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లకు, బాలింతలకు చల్లటి గది మందులాంటిది. నా బాధ వేరు. చల్లదనం అవసరం లేని వయసులో, అవసరం లేని నెలలో కూడా దాన్ని కప్పుకుని, ఆ తర్వాత చెట్టు నీడ కూడా వేడిగా ఉందని బయటి ప్రపంచానికి పేరు పెట్టడం.

ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తోందో తీగ పట్టుకుని వెనక్కి నడవండి. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు. 1889 నుంచి అక్కడ తవ్వకాలు సాగాయి. కారేపల్లి పక్కనున్న సింగరేణి పేరే కంపెనీకి పెట్టారు, ఇప్పుడు ఆ పేరు వింటే ఊరు ఎవరికీ గుర్తురాదు. కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి, ఎక్కడ చూసినా అడవి అంచునే గనులు. పాల్వంచలో 1966లో థర్మల్ కేంద్రం మొదలైంది, దాని నీళ్ల కోసం కిన్నెరసాని మీద జలాశయం కట్టారు. ఇప్పుడు ఆ జలాశయం చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. మణుగూరు వైపు 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. పాల్వంచ పాత కేంద్రాన్ని మూసేశాక దాని ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న పేల్చి కూల్చారు. ఏళ్ల తరబడి ఆ ఊరి ఆకాశంలో భాగమైనవి క్షణాల్లో దుమ్మైపోయిన ఆ దృశ్యాన్ని రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. వాటి కింద పనిచేసినవాళ్లలో కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారని చెబితే నేను ఆశ్చర్యపోను.

ఓపెన్‌కాస్ట్ గనిలో మే నెల మధ్యాహ్నం డంపర్ దిగి నిలబడే కార్మికుడికి, ఆ బొగ్గుతో చల్లబడిన గదిలో కూర్చుని కిటికీ తెరవలేని మనిషికి మధ్య ఎంత దూరముందో నాకు కొలవడం రాదు. అడవిని తవ్వి తెచ్చిన దానితోనే అడవిని భరించలేని ఒంటిని తయారు చేసుకున్నాం. నాకు తెలిసినంతలో ఈ కథలో అన్నిటికన్నా బరువైన విషయం ఇదే.

ఉసిళ్లు వచ్చిన రాత్రి

మృగశిర దాటి మొదటి గట్టి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపం ఎక్కడుంటే అక్కడికి వేలకొద్దీ వచ్చి పడతాయి. అడవి పల్లెల్లో అది పండగలాంటి రాత్రి. దీపం కింద వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెడతారు, పడ్డవాటిని తీసి రెక్కలు చెరిగి వేయించుకుంటారు. మూకుట్లో వేడెక్కగానే వాటి నూనెలోనే అవి వేగుతాయి. పిల్లలు జేబుల్లో పోసుకుని తింటారు. మైదానం ఊళ్లలోనూ మొన్నమొన్నటిదాకా తిన్నవాళ్లున్నారు. ఆ వానకే చేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొచ్చేవి. ఎర్ర మఖ్మల్ లాంటి వాటిని అగ్గిపెట్టెలో వేసుకుని బడికి తీసుకెళ్లని పిల్లవాడు మా తరంలో ఉండడు.

అదే రాత్రి ఖమ్మం అపార్ట్‌మెంట్లో ఏం జరుగుతుంది? లైట్లు ఆపేస్తారు. జాలీ తలుపు, దాని మీద అద్దం తలుపు మూస్తారు. సందులోంచి వచ్చినవాటి మీద స్ప్రే కొడతారు, దోమల బ్యాట్‌తో చిటపటలాడిస్తారు. తెల్లారి రెక్కలు ఊడుస్తూ అసహ్యించుకుంటారు. చిన్నపిల్ల మంచం ఎక్కి ఏడుస్తుంటే "ఏం కాదమ్మా, అవి ఉసిళ్లు" అని చెప్పే నానమ్మ పల్లెలో ఉంటుంది. వీడియో కాల్లో ఆమె చెప్పినా పిల్ల వినే స్థితిలో ఉండదు.

ఈ అసహ్యం ఎందుకు పెరుగుతోందో జపాన్ పరిశోధకులు యూయా ఫుకానో, మసాషి సోగా 13 వేల మందిని అడిగి 2021లో ఒక వివరణ ఇచ్చారు. పట్నవాసంలో పురుగులు బయటకన్నా ఇంటి లోపలే ఎక్కువ కనిపిస్తాయి. లోపల కనిపించిన పురుగు మీద అసహ్యం ఎక్కువ, ఎందుకంటే వంటిల్లు, పడక, రోగభయం అన్నీ అక్కడే ఉన్నాయి. రెండో కారణం, పురుగుల్లో ఏది ఏదో తెలియకపోవడం. ఏది హానికరమో ఏది కాదో విడదీయలేనివాళ్లు అన్నిటినీ ఒకే గాటన కట్టి దూరం పెడతారు. సోగా బృందం 2023లో మరో అడుగు ముందుకు వేసింది. భయపడ్డవాళ్లు ప్రకృతికి దూరమవుతారు, దూరమైనకొద్దీ తెలిసింది తగ్గుతుంది, తెలియనికొద్దీ భయం పెరుగుతుంది, ఇదొక చక్రంలా తిరుగుతుందని వాళ్ల వాదన.

ఈ రెండో కారణం నాకు ఆశ కలిగించింది. తెలియకపోవడం వల్ల పెరిగింది గనుక తెలిస్తే తగ్గవచ్చు. భద్రాచలంలో గోదావరి దగ్గర ఈ సంగతి కళ్లకు కడుతుంది. అక్కడ చిన్నపిల్లాడికి కూడా 43, 48, 53 అంటే ఏమిటో తెలుసు. 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. ఫోన్లో గంటగంటకూ మట్టం వస్తున్నా జనం కరకట్ట మీదికి వెళ్లి చూసి వస్తారు. నీటి రంగు, కొట్టుకొచ్చే కొయ్య, సుడి, అన్నీ మాట్లాడుకుంటారు. నది వాళ్లను ముంచింది, ఇళ్లు ఖాళీ చేయించింది, అయినా ఆ నదిని వాళ్లు అసహ్యించుకోరు. తలుపు వేసి ఆపలేనిది కాబట్టి తెలుసుకోక తప్పలేదు.

టవర్ ఎవరికి కావాలి

కిన్నెరసాని దాకా వచ్చినవాళ్లు కారు దిగుతూనే జేబులోంచి ఫోన్ తీస్తారు. గీతలు తగ్గిపోయాయని మొహం చిన్నబోతుంది. జింకల పార్కు, పడవ, గుట్ట మీద అద్దాల మేడ, ఇవన్నీ చూడటానికి గంట పడుతుంది. అంతకుముందు అడవిని తెర మీద చూసిన అనుభవం వాళ్లను వెంటాడుతుంది. అక్కడ నిమిషంలో పులి దూకుతుంది, డ్రోను కొండ మీదుగా ఎగురుతుంది, వెనక సంగీతం వస్తుంది. ఇక్కడ గంటసేపు చూసినా ఒక నెమలి అరుపు, ఎండుటాకుల చప్పుడు. అడవి అంటే ఎక్కువ భాగం ఎదురుచూపే అన్న సంగతి తెర మీద కోసేసిన ముక్కల్లో ఉండిపోయింది. అందుకే నిశ్శబ్దం వాళ్లకు ఖాళీగా తోస్తుంది, పాట పెట్టుకుంటారు. పాపికొండల లాంచీల్లో మైకు మోగడం మొదలైంది కూడా ఈ ఖాళీని భరించలేకే అనుకుంటాను.

సిగ్నల్ లేకపోవడం ఒకరికి గంటసేపు తోచకపోవడం. చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గుంపుల్లో, అంటే అడవిలోని చిన్న పల్లెల్లో, అదే సిగ్నల్ లేకపోతే నొప్పులు పడుతున్న మనిషికి 108 రాదు. డోలీ కట్టి వాగు దాటించాలి. ఎవరో ఒక కుర్రాడు గుట్టెక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "అన్నా, వినబడుతుందా" అని అరవాలి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చాలని కేంద్ర మంత్రివర్గం 2022లో నిర్ణయించింది. మన ప్రశాంతత కోసం ఆ గుంపులకు టవర్ వద్దనడం అన్యాయం. అడవి కావాలనుకునేవాళ్లలో కొందరు ఈ మాట అంటారు. వాళ్లు ఒక వానాకాలం రాత్రి అక్కడ ఉండాలి.

టవర్‌తో పాటు అన్నీ వస్తాయి. గురుకులాల్లో చదివే కోయ పిల్లలు వేసవి సెలవులకు ఇంటికొచ్చి ఫోన్‌లో రీళ్లు చూస్తారు. తునికాకు కోతకు అమ్మ వెంట వెళ్లమంటే కొందరు మొహమాటపడతారు, ఎండని అంటారు. వాళ్లను తప్పు పట్టలేను. యాభై ఆకులు ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి చేర్చే ఆ పని ఎంత కష్టమో, దాని కూలి ఎంత తక్కువో వాళ్లకు తెలుసు. పుస్తకాల్లో ఎక్కడా వాళ్ల అమ్మ చేసే పనిని విద్య అని చెప్పలేదు.

కోయల వంశ కథలను కంచుమేళం మీద పాడిన సకిని రామచంద్రయ్యది మణుగూరు మండలం కూనవరం. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 జూన్‌లో పోయారు. ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వీరుడు ఎక్కడ ఒరిగాడు, అంతా ఆయన గొంతులో ఉండేది. ఇవాళ రేలా పాటలు ఫోన్లలో తిరుగుతున్నాయి, కోయ కుర్రాళ్లే రికార్డు చేసి పెడుతున్నారు. ఒక తరం గొంతు పోకుండా పట్టుకునే పరికరం అదే, పక్కనున్న చెట్టు వైపు చూడనివ్వని పరికరమూ అదే. ఎవరి చేతిలో, ఏ వేళ ఉందన్నదే తేడా.

ఖమ్మం పక్క రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య అనే మనిషి ఉండేవారు, లోకమంతా వనజీవి రామయ్య అంది. మెడలో చెట్ల గురించిన బోర్డు వేసుకుని, జేబుల్లో గింజలు పోసుకుని తిరుగుతూ జీవితమంతా మొక్కలు నాటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన్ను అందరూ నాటిన మొక్కల లెక్కతో గుర్తుపెట్టుకున్నారు. నాకు ఆ జేబులు గుర్తుంటాయి. ఏ గింజ ఏ నెలలో ఏరాలో, దేన్ని నానబెట్టాలో తెలియకుండా ఆ జేబులు నిండవు.

ఖమ్మం, కొత్తగూడెం బళ్ల నుంచి ఏటా విహారయాత్రలకు బస్సులు వెళ్తూనే ఉన్నాయి. అలాంటి తెలివి పిల్లలకు అందేలా వాటిలో ఒక్క యాత్రను మార్చుకోవచ్చు. ఇప్పపూలు రాలే నెలలో, తెల్లవారుజామున పిల్లలను ఏదైనా ఒక కోయ గుంపు పక్క చెట్ల కిందికి తీసుకెళ్లాలి. గుంపు పెద్దలను ముందే అడగాలి, వాళ్లు సరేనంటేనే వెళ్లాలి. ఎండ ఎక్కేదాకా ఒకే చెట్టు దగ్గర ఉండాలి. చీమలు కుడతాయి, చెమట పడుతుంది, మొదటి గంట పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వాలి. పూలు ఎలా ఏరాలో, ఏ పురుగు కుడుతుందో, ఏది కుట్టదో, ఏ ఆకు విస్తరికి పనికొస్తుందో ఆ గుంపు ఆడవాళ్లలో ఒకరు చెబుతారు. కోయ పిల్లలు అదే బడిలో ఉంటే ఆ రోజు వాళ్లు ముందు వరసలో నిలబడతారు. చెప్పిన అక్కను గైడు అని పిలిచి వంద నోటు చేతిలో పెట్టి రాకూడదు. ఆమె పేరు బడి హాజరుపట్టీలో టీచర్ల వరుసలో రాయాలి, ఆ పూటకు టీచరుకు ఎంత జీతం పడుతుందో అంతా ఆమెకు ఇవ్వాలి.